బజారు లెక్క, బడి లెక్క

బ్రెజిల్ ఈశాన్య తీరంలో రెసిఫె అనే నగరం ఉంది. 1980ల మొదట్లో అక్కడ వీధిలో కొబ్బరికాయలు అమ్ముకునే ఒక పిల్లవాడి దగ్గరికి పరిశోధకులు మామూలుగా కొనేవాళ్లలా వెళ్లి, నాలుగు కాయలు ఎంతని అడిగారు. కాయ 35 క్రుజేరోలు. మూడు కాయలు 105 అన్నాడు పిల్లవాడు. దానికి 30 కలిపి 135 అన్నాడు. కాయ 35 కదా, ఇంకో ఐదుందని గుర్తు చేసుకుని 140 అని తేల్చాడు. కొద్దిరోజులకి ఆ పిల్లవాడికే కాగితం, పెన్సిలు ఇచ్చి 35ని 4తో గుణించమన్నారు. నాలుగైదులు ఇరవై అని సున్నా వేసి, రెండు మీద పెట్టుకున్నాడు. ఆ రెండుని పక్కనున్న మూడుకి కలిపి ఐదు చేశాడు. ఆ ఐదుని నాలుగుతో గుణించి ఇరవై వేశాడు. కాగితం మీద జవాబు 200.

ఈ పరిశీలన చేసినవాళ్లు టెరెజీన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్. 1985లో అచ్చయిన వాళ్ల వ్యాసంలో ఉన్నది ఐదుగురు పిల్లలే, 9 నుంచి 15 ఏళ్లలోపు వాళ్లు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పారు. ఆ లెక్కల్నే చిన్న కథలా అల్లి అడిగితే 74 వచ్చాయి. ఉత్త అంకెలుగా ఇస్తే 37. పిల్లలు మారలేదు, అంకెలూ పెద్దగా మారలేదు. చోటు మారింది, చేతిలో పని మారింది, అడిగిన తీరు మారింది.

ఐదుగురిని చూసి లోకం మీద తీర్పు చెప్పకూడదు. అయితే తర్వాతి నలభై ఏళ్లలో వేరే దేశాల్లో, ఇంకా చాలామంది మీద చూసినప్పుడు కూడా ఈ తేడా బయటపడుతూనే ఉంది. మన దేశంలో బయటపడిన తీరు చెప్పే ముందు, ఆ 140 ఎలా వచ్చిందో కాస్త నిదానంగా చూడాలి. ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగినవి చాలా తక్కువ. 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఆ హద్దు ఏడుకి కాస్త అటూ ఇటూ అన్నాడు. తర్వాత వచ్చిన పరిశోధకుల్లో నెల్సన్ కోవన్ లాంటివాళ్లు నాలుగు దగ్గరే ఆగుతుందన్నారు. బజారులో కాగితం ఉండదు, ఎదురుగా కొనేవాళ్లు నిలబడి ఉంటారు, చేతులు ఖాళీగా ఉండవు. కాబట్టి అక్కడ పుట్టే పద్ధతులన్నీ ఈ హద్దుకి లోబడే పుడతాయి. ఒక మొత్తాన్ని మాత్రమే మనసులో ఉంచుకోవాలి, ప్రతి మెట్టులోనూ దాన్ని కొత్త మొత్తంగా మార్చుకుంటూ పోవాలి. 105, 135, 140. పాత సంఖ్యని మరిచిపోయినా నష్టం లేదు. పైగా మూడు కాయల ధర ఆ పిల్లవాడు రోజూ చెప్పేదే అయి ఉండాలి, అందుకే అక్కడినుంచి ఎత్తుకున్నాడు.

మన రైతు బజార్లలో కూరగాయలమ్మే వాళ్లని దగ్గర నిలబడి వినండి. వంకాయలు కిలో 48 రూపాయలు, ముప్పావు కిలో తూచమంటే వాళ్లు 48ని మూడు బై నాలుగుతో గుణించరు. అరకిలో 24, పావు 12, మొత్తం 36. ఇక చిల్లర ఇచ్చే తీరు ఇంకా గమనించదగ్గది. 37 రూపాయల సరుకుకి 200 నోటు ఇస్తే, 200లోంచి 37 తీసివెయ్యడం కాగితం మీద చాలామంది పిల్లలకి చెమటలు పట్టించే లెక్క. సున్నా పక్కన సున్నా, ఎక్కడినుంచి అప్పు తేవాలో తెలియదు. అమ్మే మనిషి అసలు తీసివెయ్యదు. మూడు రూపాయలు చేతిలో పెట్టి నలభై అంటుంది, పది పెట్టి యాభై అంటుంది, యాభై నోటు పెట్టి వంద, వంద నోటు పెట్టి రెండొందలు. తీసివేత కూడికగా మారిపోయింది. మనసులో మొయ్యాల్సిన బరువంతా చేతిలోని నోట్ల మీదికి దిగింది. కొనే మనిషి కూడా దాన్ని కళ్లతో సరిచూసుకోగలుగుతోంది.

ఇలా ఆలోచించడం అలవాటైన మనిషి అక్కడితో ఆగదు, పనినే తనకి వీలుగా మార్చుకుంటుంది. కూర కట్టలుగా కట్టి మూడు కట్టలు ఇరవై అంటుంది. టమాటాలు కుప్పలు పోసి కుప్ప ఇరవై అంటుంది. తూకం అక్కర్లేదు, గుణకారం అక్కర్లేదు, చిల్లర సమస్య తక్కువ. బజారు మనిషి బుర్రని ఎంత మలిచిందో ఆ బుర్ర బజారుని అంతగానూ మలిచింది. తెలివి తలలో ఉంటుంది, అనుభవం బయట ఉంటుంది అని రెండుగా విడదీసి మాట్లాడటం మనకి అలవాటు గానీ, ఆ కుప్పల ముందు నిలబడి ఏది ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

కాగితం పద్ధతి బలం వేరే చోట ఉంది. నిలువు గుణకారంలో అంకెల వరసలే బరువు మోస్తాయి. ఏ అంకె ఏ మొత్తానికి గుర్తో తలచుకోనక్కర్లేదు, ఎంత పెద్ద సంఖ్యకైనా అవే మెట్లు. మనిషి సాధించిన గొప్ప విషయాల్లో అదొకటి, దాన్ని తక్కువ చెయ్యడానికి నాకు మనసొప్పదు. కానీ అర్థం తలచుకోనక్కర్లేదన్న ఆ గుణమే, కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి ముప్పు తెస్తుంది. మెట్లు తారుమారైతే ఆపడానికి లోపల ఏమీ ఉండదు. మూడు కాయలు 105 అని తెలిసిన పిల్లవాడు నాలుగు కాయలు 200 అని వీధిలో ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. కాగితం మీద మాత్రం తనే రాశాడు, పెన్సిలు కింద పెట్టాడు. ఆ 35 తన కొబ్బరికాయ ధరేనని వాడికి తట్టలేదు. రెండు లెక్కలూ వాడి తలలోనే ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ కలుసుకోలేదు.

మన దేశం సంగతికి వస్తాను. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ, వాళ్ల సహచరులు కోల్‌కతాలోనూ ఢిల్లీలోనూ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లల్ని పరిశీలించి, 2025లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పరిశీలించేవాళ్లు కొనడానికి వచ్చినవాళ్లలా వెళ్లి, మామూలుగా ఎవరూ అడగని తూకాలు అడిగారు. కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిపాయలు కిలో 400 గ్రాములు లాంటివి. దాదాపు పిల్లలంతా సరిగ్గా చెప్పి, సరిగ్గా చిల్లర ఇచ్చారు. వాళ్లనే బడిలో ఇచ్చే తరహాలో, అంతకన్నా తేలికైన లెక్కలడిగితే తడబడ్డారు. కంఠతా పట్టిన ధరలు చెబుతున్నారేమో, పక్కవాళ్లు సాయం చేస్తున్నారేమో, కాగితం చూసి బెదిరిపోతున్నారేమో అని పరిశోధకులు ఒక్కొక్కటే పరీక్షించి చూశారు. తేడాకి కారణం అవేవీ కావు.

ఆ పరిశోధనకి రెండో సగం కూడా ఉంది. నాకు అదే ఎక్కువ ముఖ్యం. ఆ బజార్ల దగ్గరి బడుల్లో చదువుతూ ఎన్నడూ సరుకు అమ్మని 471 మంది పిల్లల్నీ వాళ్లు పరీక్షించారు. వీళ్లు ఉత్త అంకెల తేలిక లెక్కలు బాగా చేశారు. పనిచేసే పిల్లల్లో మూడో వంతుకి పైగా చేసిన ఒక బజారు లెక్కని బడిపిల్లల్లో నూటికి ఒక్కరు మాత్రమే చెయ్యగలిగారు. చేసే పద్ధతి కూడా చాలా నెమ్మది. కూడిక, గుణకారం, తీసివేత కలిసి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయారు. బజారు పిల్లలకి బడి లెక్క రాకపోవడాన్ని వాళ్ల వెనకబాటుతనంగా చూసేవాళ్లు దీన్ని ఏమంటారు? బడి కూడా ఒక అనుభవమే. అక్కడ నేర్చింది అక్కడి కాగితానికీ, అక్కడి ప్రశ్నకీ అంటుకుపోయి ఉంది.

పెద్దవాళ్లకీ ఇది తప్పదు. మానవశాస్త్రవేత్త జీన్ లేవ్ కాలిఫోర్నియాలో మామూలు గృహస్థుల వెంట సూపర్‌మార్కెట్లకి వెళ్లి, వాళ్లు ఏ డబ్బా కొంటే లాభమో ఎలా తేల్చుకుంటున్నారో చూసింది. దుకాణంలో వాళ్ల లెక్కలు నూటికి 98 సరైనవి. వాళ్లకే ఆ తరహా లెక్కలు పరీక్షగా పెడితే 59. 1988లో వచ్చిన ఆమె పుస్తకంలో ఒకాయన వంటింటి ముచ్చట ఉంది. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన ఆయన కప్పులో మూడింట రెండు వంతుల కాటేజ్ చీజ్‌లో నాలుగింట మూడు వంతులు తీసుకోవాలి. కాలేజీలో కాల్‌క్యులస్ చదివానని గొణుక్కున్నాడు, కాసేపు ఆగాడు. తర్వాత కప్పులో మూడింట రెండు వంతులు కొలిచి చెక్క మీద బోర్లించి, గుండ్రంగా అద్ది, అడ్డంగా నిలువుగా గీత గీసి, నాలుగింట ఒక ముక్క తీసేసి మిగతాది వాడుకున్నాడు. జవాబు అరకప్పు. గుణించి ఉంటే ఒక్క మెట్టులో వచ్చేది, కానీ ఆ పద్ధతి ఆయన చేతి దగ్గరికి రాలేదు. ఆయన చేసింది తప్పు కాదు, నిర్దుష్టంగా సరైంది. వంటింట్లో చెక్క, చీజ్ ఉన్నాయి. ఆలోచన వాటితోనే సాగింది.

అనుభవం మారితే ఆలోచించే తీరు కళ్లముందే మారుతుందనడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి సాక్ష్యం పాపువా న్యూగినీ కొండల్లో ఉంది. అక్కడి ఓక్సప్మిన్ ప్రజలు శరీరం మీద లెక్కపెడతారు. ఒక చేతి బొటనవేలితో మొదలై మిగతా వేళ్లు, మణికట్టు, ముంజేయి, మోచేయి, దండ, భుజం, మెడ, చెవి, కన్ను, ముక్కు దాకా 14. అటువైపు కన్ను నుంచి దిగుతూ రెండో చేతి చిటికెన వేలికి 27. పాత జీవితంలో వాళ్లకి వస్తువుల్ని లెక్కపెట్టాల్సి వచ్చేది గానీ కూడికలు చెయ్యాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. నాణేలూ చిన్న కొట్లూ వచ్చాక ఆ పని వచ్చిపడింది. జెఫ్రీ సాక్స్ 1978లోనూ, మళ్లీ 1980లోనూ వెళ్లి చూశాడు. డబ్బుతో అంతగా పరిచయం లేని పెద్దలు తొమ్మిదికి ఏడు కలపమంటే దండ దాకా లెక్కపెట్టి, ఆపైన ఎన్ని కలిపారో గుర్తు తప్పేవాళ్లు. కొట్టు నడిపేవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. దండ తర్వాత వచ్చే భుజాన్ని బొటనవేలు అనీ, మెడని చూపుడువేలు అనీ పిలుస్తూ పోతే, రెండో సంఖ్య ఎక్కడ ముగిసిందో దానంతటదే తెలుస్తుంది. అవే శరీరాలు, అవే మాటలు. వాటిని వాడుకునే తీరు ఒక్క తరంలోనే కొత్తదైంది. బడి పెట్టి నేర్పినవాళ్లెవరూ లేరు, కొట్టు నడపడమే నేర్పింది.

మన ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద సంఖ్య మనసులో, చిన్న సంఖ్య వేళ్ల మీద అని నేర్పుతారు. ఇది కూడా ఆ కోవకి చెందిన ఉపాయమే. వేళ్లు ముడిచి లెక్కపెట్టే పిల్లల్ని చూసి చిరాకుపడే తల్లిదండ్రులకి నాదొక మనవి. పిల్లలు ఆ వేళ్లతోనే ఆలోచిస్తున్నారు. వాటిని కొట్టి మాన్పించకండి.

అనుభవం బుర్రని మలుస్తుందని తెలియగానే దాన్ని అమ్మకానికి పెట్టేవాళ్లూ వస్తారు. అబాకస్ నేర్పితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, తెలివి అన్నీ పెరుగుతాయన్న ప్రకటనలు హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా గోడల మీద కనిపిస్తాయి. డేవిడ్ బార్నర్ బృందం గుజరాత్‌లోని వడోదరలో ఒక బడి పిల్లల్ని మూడేళ్లపాటు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. చీటీ వేసినట్టు కొందరికి అబాకస్, కొందరికి మామూలు లెక్కలు నేర్పించారు. అబాకస్ నేర్చిన పిల్లలు, అందులోనూ మొదటినుంచీ ఆకారాల్ని మనసులో బాగా పట్టి ఉంచుకోగలిగినవాళ్లు, లెక్కల్లో ముందుకెళ్లారు. జ్ఞాపకశక్తి లాంటి మౌలిక శక్తులు పెరిగిన జాడ కనిపించలేదు. పూసల లెక్క నేర్చుకుంటే లెక్క వస్తుంది. లెక్క కోసం చేర్పిస్తే మంచిదే, తెలివి కోసమని వేలు పోస్తే ఆ డబ్బు దండగ.

ఆటల సంగతీ అంతే. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో ఢిల్లీలో ఐదేళ్ల వయసు పిల్లలు 1,540 మందిలో కొందరి చేత సంఖ్యల, ఆకారాల ఆటలు ఆడించారు. ఆ ఆటల్లో పనికొచ్చే నేర్పు ఏడాది దాటినా నిలిచింది. బడిలో చేరాక అంకెల లెక్కల్లో మాత్రం ఆ పిల్లలు మిగతావాళ్లని మించలేదు. ఒక ఒడ్డున పెరిగిన తెలివి తనంతట తాను రెండో ఒడ్డుకి చేరదు. చేర్చడమన్నది విడిగా నేర్పాల్సిన పని, దానికి సమయం కేటాయించాలి, తెలిసిన మనిషి దగ్గరుండాలి.

ఇదంతా చదివి, పిల్లల్ని బజారులో పెడితేనే లెక్కలొస్తాయన్నమాట అని ఎవరూ అనుకోవద్దు. పిల్లలుండాల్సింది బడిలోనే. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ ఆ మాటని 1990ల నుంచీ గట్టిగా పట్టుకుంది. పొలాల్లో, పశువుల వెంట ఉన్న పిల్లల్ని శిబిరాల్లో ఉంచి చదివించి, వాళ్ల వయసుకి తగిన తరగతిలో చేర్పించింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలన్న నియమం 2009 విద్యాహక్కు చట్టంలోనూ ఉంది. పదేళ్లు వచ్చేదాకా పనిలో ఉన్న పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం అన్యాయమని ఆ చట్టం ఒప్పుకుంది. వాడి తల ఖాళీగా లేదని బడి ఇంకా ఒప్పుకోవాల్సి ఉంది.

ఇంకో మార్పు మన ఎదుటే జరుగుతోంది. కాటా ఇప్పుడు ఎలక్ట్రానిక్. ధర నొక్కితే ఎంతివ్వాలో అదే చూపిస్తుంది. డబ్బు ఫోన్లో పడుతుంది, పడిందని పక్కనున్న చిన్న పెట్టె తెలుగులో పలుకుతుంది, చిల్లర ఇవ్వాల్సిన పని లేదు. అమ్మేవాళ్లకి ఇది మేలే, దీన్ని వద్దనే హక్కు మనకి లేదు. కాకపోతే నలభై, యాభై, వంద, రెండొందలు అంటూ చేతిలో పెట్టే లెక్క రోజుకి ఎన్నోసార్లు జరిగే చోట ఇప్పుడు చాలా తగ్గింది. కిరాణా కొట్టుకి వెళ్లి చిల్లర లెక్కచూసుకుని తెచ్చే పిల్లలూ తగ్గారు. ఇంతకాలం వీధి ఉచితంగా నేర్పిన దాన్ని ఇకమీదట బడీ ఇల్లూ కావాలని నేర్పాలి.

అదేమంత ఖర్చుతో కూడిన పనీ కాదు. నాలుగో తరగతిలో 200లోంచి 37 తీసివెయ్యమన్నప్పుడు, ముందు కాగితం పక్కన పెట్టించి చిల్లర ఇప్పించండి. కాగితం కోసి చేసిన నోట్లు చాలు. మూడు ఇచ్చి నలభై, పది ఇచ్చి యాభై అని పిల్లలు పైకి అనాలి. ఆ వెంటనే ఆ లెక్కనే నిలువుగా వేయించి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టించండి. అవి కలవకపోతే ఏది నమ్మాలో పిల్లల్నే అడగండి. కొబ్బరికాయల లెక్కకి 200 అని రాసిన రెసిఫె పిల్లవాడిని మూడు కాయలు ఎంత అని అడిగినవాళ్లు లేకపోయారు. అడిగి ఉంటే వాడే దిద్దుకునేవాడని నా నమ్మకం.

ఉపాధ్యాయులకీ తల్లిదండ్రులకీ నేను కోరేది ఇంతే. తప్పు జవాబు కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసే ముందు, ఎలా చేశావో చెప్పమని అడగండి. చెప్పడం పూర్తయ్యేదాకా వినండి.